దారి తప్పిన విమానం: దర్యాప్తు నివేదికను పటం, దారం పెట్టుకుని చదివే పద్ధతి

విమానం కూలిన వార్త వచ్చిన మర్నాటికల్లా "పైలట్ తప్పిదం" అన్న రెండు మాటలు అందరి నోళ్ళలోనూ నానుతుంటాయి. అసలు కారణాలు చెప్పే తుది నివేదిక వెలువడేసరికి ఏడాదో అంతకంటే ఎక్కువో గడిచిపోతుంది, అప్పటికి దానిని తెరిచి చూసే ఓపిక ఎవరికీ మిగలదు. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్‌లో ఉండే తెలుగువాళ్ళం నలుగురం నెలకొక ఆదివారం ఇలాంటి ఒక నివేదికను భోజనాల బల్ల మీద పరుచుకుని చదువుతుంటాం. మాలో ఇద్దరం విమాన పరికరాల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఉద్యోగంలో ఉన్నాం. ఒకరు కడప నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న విశ్రాంత లెక్కల మాస్టారు, ఒకడు ఇక్కడి లెక్కలో రెండో పీయూసీ, అంటే మన ఇంటర్ రెండో ఏడు, చదువుతున్న మా మేనల్లుడు. యంత్రం బాగుండి కూడా దారి తప్పడం వల్ల, అంటే నావిగేషన్ పొరపాటు వల్ల జరిగిన ప్రమాదాల నివేదికలను చదవడానికి మాకు అలవాటైన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. విమానాల గురించి ముందుగా ఏమీ తెలియనివారు కూడా దీనిని ఒక పూటలో పూర్తి చేయవచ్చు.

ఉదాహరణగా 1995 డిసెంబరు 20 రాత్రి కొలంబియాలోని కాలి నగరానికి వస్తూ కొండను ఢీకొన్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965వ నంబరు విమానాన్ని తీసుకుంటాను. మయామీ నుంచి బయలుదేరిన ఆ బోయింగ్ 757లో 163 మంది ఉండగా 159 మంది చనిపోయారు, నలుగురు మాత్రమే బతికారు. ఇంజన్లు చెడలేదు, తుఫాను లేదు, ఇంధనం అయిపోలేదు. అడ్డు వచ్చే విషయాలు ఇంత తక్కువగా ఉండి, పొరపాటు మాత్రమే విడిగా కనిపించే నివేదిక మరొకటి దొరకడం కష్టం కనుక, మొదటిసారి చదివేవారికి నేను దీనినే చేతికిస్తాను.

ముందుగా సమకూర్చుకోవలసినవి

మొదట తుది నివేదికనే సంపాదించాలి. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందపు 13వ అనుబంధం ప్రకారం ప్రమాదం జరిగిన 30 రోజుల్లో ప్రాథమిక నివేదిక రావాలి, తుది నివేదిక వీలైతే 12 నెలల్లో రావాలి. ప్రాథమిక నివేదికలో అప్పటికి తేలిన వాస్తవాలు ఉంటాయి గానీ కారణాల విశ్లేషణ ఉండదు. 2025 జూన్ 12 నాటి అహ్మదాబాద్ ప్రమాదం మీద నెల రోజులకు వెలువడిన ప్రాథమిక నివేదికలో లేని తీర్పులను జనం ఎంతగా వెతుక్కున్నారో గుర్తుచేసుకుంటే ఈ తేడా అర్థమవుతుంది. మన దేశపు నివేదికలను ఎయిర్‌క్రాఫ్ట్ యాక్సిడెంట్ ఇన్వెస్టిగేషన్ బ్యూరో తన వెబ్‌సైట్లో ఉంచుతుంది. కాలి ప్రమాదం మీద కొలంబియా పౌర విమానయాన శాఖ 1996లో ఇచ్చిన నివేదిక ఇంగ్లీషులో కూడా దొరుకుతుంది.

తక్కిన సరంజామా పిల్లల పరీక్ష పెట్టెలో ఉండేదే: గ్రాఫ్ కాగితాలు, స్కేలు, కోణమానిని, రెండు రంగుల దారం, గుండుసూదులు. సూదులు గుచ్చడానికి గ్రాఫ్ కాగితం కింద థర్మాకోల్ పలక వేసుకోవాలి. ఫోన్‌లోని పటాలు ఉండగా ఇదంతా దేనికని మా మేనల్లుడు మొదటి రోజున అడిగాడు. ఫోన్ పటంలో మనకు కావలసిన చోటును అదే చూపిస్తుంది, మన వేలు లెక్క వేయవలసిన అవసరం ఉండదు. ఈ ప్రమాదాల్లో సరిగ్గా ఆ సదుపాయమే మనిషిని ఏమార్చింది కనుక, ఒక్క పూట అది లేకుండా కూర్చోవడం మంచిది.

ఏ పేజీ ముందు, ఏ పేజీ తర్వాత

ఈ నివేదికలన్నీ దాదాపు ఒకే అమరికలో ఉంటాయి. మొదటి అధ్యాయం వాస్తవాలు, రెండవది విశ్లేషణ, మూడవది నిర్ణయాలు, నాలుగవది భద్రతా సిఫార్సులు. మేము రెండో అధ్యాయం నుంచి చివరిదాకా పేజీలన్నింటికీ కలిపి ఒక క్లిప్పు పెట్టేస్తాం. కారణం ముందే తెలిస్తే, ఆ తర్వాత చదివే ప్రతి వాక్యమూ ఆ కారణానికి సాక్ష్యంగానే కనిపిస్తుంది, పైలట్లు చేసిన ప్రతి పనీ మూర్ఖత్వంగానే తోస్తుంది. వాళ్ళకు ఆ నిమిషంలో తెలిసినంతే మనకూ తెలిసి ఉండాలంటే క్లిప్పు తప్పదు.

మొదటి అధ్యాయంలో కూడా వరుసగా చదవనక్కరలేదు. ప్రయాణ చరిత్ర ఉండే 1.1ను పూర్తిగా చదివాక, దారి చూపే పరికరాల గురించి చెప్పే 1.8కీ, వాతావరణం ఉండే 1.7కీ, అక్కడి నుంచి, కాక్‌పిట్ మాటలనూ విమానం కదలికలనూ నమోదు చేసే రికార్డర్ల వివరాలు ఉండే 1.11కీ వెళ్ళాలి. సిబ్బంది అనుభవం, విశ్రాంతి వివరాలు ఉండే 1.5ను ఆఖరున చూస్తే సరిపోతుంది. ముందే చూస్తే "ఇన్ని వేల గంటలు నడిపినవాడు ఇలా చేస్తాడా" అన్న విస్మయంతోనే సగం పూట గడిచిపోతుంది.

గడియారం, అడుగులు, మైళ్ళు

చదవడం మొదలుపెట్టగానే ఒక కాగితం మీద కాలాన్నీ కొలతలనూ సవరించుకోవాలి. ఈ పని విసుగనిపిస్తుంది గానీ, దీనిని దాటవేసినవారు నాలుగో పేజీలో తప్పక తప్పిపోతారు. విమానయానంలో సాధారణంగా సార్వత్రిక కాలమానం (యూటీసీ) వాడతారు, ఒక్కొక్క నివేదిక మాత్రం స్థానిక కాలంలో ఉంటుంది. కాలి విమానం కొండను తాకింది స్థానిక కాలం ప్రకారం 20వ తేదీ రాత్రి 9 గంటల 41 నిమిషాలకు. సార్వత్రిక కాలంలో అది 21వ తేదీ తెల్లవారుజాము 2:41, మన దేశంలో అదే రోజు ఉదయం 8:11. ఒకే సంఘటన రెండు పత్రాల్లో రెండు తేదీలతో ఉంటే అందులో కుట్ర ఏమీ లేదు.

ఎత్తుల విషయంలో బెంగళూరువారికి ఒక సౌలభ్యం ఉంది. నివేదికలో 5,000 అడుగులు అని ఉంటే, అది సాధారణంగా సముద్రమట్టం నుంచి కొలిచినది. మన ఊరే సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది, నంది కొండ శిఖరం దాదాపు 4,850 అడుగులు. కాబట్టి 5,000 అడుగుల మీద ఉన్న విమానం మారతహళ్ళి మేడల మీద 2,000 అడుగుల ఎత్తున హాయిగా పోతుంది, నంది కొండ మీదికి వెళితే మాత్రం అక్కడి కోతులకు అందేలా ఉంటుంది. కాలి రన్‌వే ఎత్తు 3,162 అడుగులు, అంటే ఇంచుమించు మన ఊరి ఎత్తే. ఆ ఊరు ఉన్న లోయకు ఇరువైపులా కొండలు ఉన్నాయి, వాటిలో కొన్ని 14,000 అడుగుల దాకా లేస్తాయి. ప్రతి ఎత్తు పక్కనా "నేల నుంచి ఎంత?" అని మరో అంకె రాసుకుంటూ పోవాలి.

దూరాలు నాటికల్ మైళ్ళలో ఉంటాయి. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు, అది అక్షాంశంలో ఒక నిమిషానికి, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుకు, సమానం. పాత హెచ్ఏఎల్ విమానాశ్రయం నుంచి దేవనహళ్ళి విమానాశ్రయానికి సరళరేఖలో సుమారు 15 నాటికల్ మైళ్ళు ఉంటుంది. వేగం 300 నాట్లు అంటే గంటకు 300 నాటికల్ మైళ్ళు, నిమిషానికి 5 మైళ్ళు, కాబట్టి మనం సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఒక్క ఎర్రదీపం కోసం ఆగినంత సేపట్లో విమానం ఈ విమానాశ్రయం నుంచి ఆ విమానాశ్రయానికి చేరిపోతుంది.

గ్రాఫ్ మీద దారి వేయడం

ఒక సెంటీమీటరుకు రెండు నాటికల్ మైళ్ళు చొప్పున కొలత పెట్టుకోవాలి. భూమధ్యరేఖ దగ్గర అక్షాంశ నిమిషమూ రేఖాంశ నిమిషమూ ఇంచుమించు సమానం కనుక కాలికి ఏ సవరణా అక్కరలేదు. కాలి విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 3 డిగ్రీల 32.6 నిమిషాలు, పశ్చిమ రేఖాంశం 76 డిగ్రీల 22.9 నిమిషాల దగ్గర ఉంది. విమానం కూలిన చోటు 3 డిగ్రీల 50.8 నిమిషాలు, 76 డిగ్రీల 6.3 నిమిషాలు. గ్రాఫ్ మీద విమానాశ్రయం సూది నుంచి సుమారు 9 సెంటీమీటర్లు పైకి, 8.3 సెంటీమీటర్లు కుడికి వెళ్ళి రెండో సూది గుచ్చాలి. రెండింటి మధ్య కర్ణాన్ని మాస్టారు పైథాగరస్ సూత్రంతో లెక్క కడితే 24.6 నాటికల్ మైళ్ళు వచ్చింది.

ఇప్పుడు తెల్ల దారంతో, విమానం రావలసిన దారిని వేయాలి. ఉత్తరాన, విమానాలకు దారి చూపే తులువా అనే రేడియో కేంద్రం ఉంది, అక్కడి నుంచి లోయ వెంట దక్షిణానికి దిగుతూ రావాలి. రన్‌వేకు కాస్త ముందు రోజో అనే చిన్న రేడియో కేంద్రం వస్తుంది, ఆ తర్వాత రన్‌వే. ఆ దారం వేసి చూస్తే, కూలిన చోటు సూది దానికి బాగా కుడిపక్కన, తూర్పు కొండల్లో విడిగా నిలబడి ఉంటుంది. నివేదిక ఆ దూరాన్ని దాదాపు 10 మైళ్ళుగా చెబుతుంది. మెజెస్టిక్ నుంచి వైట్‌ఫీల్డ్‌కు సరళరేఖలో ఉండే దూరమది. రాత్రి పూట, కింద దీపాలు లేని కొండల మీద, విమానం అంత పక్కకు ఎలా వెళ్ళిందన్నది ఈ పూటంతా మనం వెతకవలసిన విషయం.

మాట, మీట, మనసు

నోటుపుస్తకంలో ఒక పేజీని మూడు నిలువు గడులుగా చేయాలి. మొదటి గడిలో రేడియోలో వినిపించిన మాట, రెండో గడిలో పైలట్ నొక్కిన మీట లేదా విమానం చేసిన పని, మూడో గడిలో ఆ క్షణాన పైలట్లు మనసులో ఏమనుకుని ఉంటారన్నది. మొదటి రెండూ రికార్డర్ల నుంచి వస్తాయి. మూడో గడిని పెన్సిల్‌తో మాత్రమే నింపాలి, ఎందుకంటే దానిని చాలాసార్లు తుడిచి రాయవలసి వస్తుంది. నావిగేషన్ పొరపాటు అంటే నా ఉద్దేశంలో ఈ మూడు గడులూ ఒకే వరుసలో మూడు వేర్వేరు చోట్లను చూపించడమే.

కాలి కంట్రోలర్ కాలి రేడియో కేంద్రం దాకా రావడానికి అనుమతి ఇచ్చి, తులువా దాటేటప్పుడు చెప్పమన్నాడు. కెప్టెన్ తిరిగి చెప్పేటప్పుడు "నేరుగా" అన్న మాటను తానే చేర్చాడు, అంతా సరేనా అని కూడా అడిగాడు. కంట్రోలర్ అవునన్నాడు. మొదటి గడిలో ఇది రెండు పంక్తుల సంభాషణ మాత్రమే. రెండో గడికి వస్తే, కెప్టెన్ విమానపు కంప్యూటర్‌లో "నేరుగా కాలికి" అని పెట్టాడు, పెట్టినట్టు కో-పైలట్‌కు చెప్పాడు కూడా. అలా పెట్టగానే మధ్యలో ఉన్న తులువా తెర మీది దారిలోంచి మాయమైంది. కంట్రోలర్ మనసులో తులువా ఉంది, పైలట్ల తెర మీద లేదు. అక్కడ రాడార్ లేదు కనుక, విమానం ఎక్కడుందో కంట్రోలర్‌కు వాళ్ళు చెబితేనే తెలుస్తుంది.

ఈ "అవును" దగ్గర కాసేపు ఆగాలి. పైలట్లు తర్వాత అడిగినవాటిలో కొన్ని తనకు అర్థంలేనివిగా తోచాయని, వాళ్ళు స్పానిష్ మాట్లాడేవారై ఉంటే ఆ మాట వాళ్ళతోనే చెప్పి ఉండేవాడినని కంట్రోలర్ దర్యాప్తు అధికారులకు చెప్పాడు. రేడియోకు సరిపడే ఇంగ్లీషు అతనికి వచ్చు, "మీరు అడుగుతున్నది నాకు వింతగా ఉంది" అని మర్యాదగా వివరించేంత ఇంగ్లీషు రాదు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఆటో డ్రైవర్ కన్నడంలో ఏదో గుక్కతిప్పుకోకుండా అడిగితే, సగమే అర్థమైనా "సరి, సరి" అని ఎక్కి కూర్చున్నవారికి ఆ అవును ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

తర్వాతి పంక్తిలో తొందర మొదలవుతుంది. విమానం ఉత్తరం నుంచి వచ్చి, విమానాశ్రయాన్ని దాటి వెళ్ళి, వెనక్కి తిరిగి 01 నంబరు రన్‌వే మీద దిగాలన్నది అనుకున్న ఏర్పాటు. గాలి లేదు కనుక వచ్చిన దిక్కునే నేరుగా 19 మీద, అంటే అదే రన్‌వే మీద అవతలి కొస నుంచి, దిగగలరా అని కంట్రోలర్ అడిగాడు. విమానం అప్పటికే మయామీలో రెండు గంటలు ఆలస్యమై ఉంది, ఇలా దిగితే కొన్ని నిమిషాలు కలిసి వస్తాయి. ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక ఎత్తు త్వరగా తగ్గించుకోవాలి, అందుకు రెక్కల మీద గాలికి అడ్డుపడే పలకలను, అంటే స్పీడ్‌బ్రేక్‌లను, ఎత్తారు. కొత్త దారి పటం తీయాలి, దానిని చదవాలి, కంప్యూటర్‌లో పెట్టాలి. మూడో గడిలో నేను ఇక్కడ "చేతికి పని ఎక్కువ, కంటికి సమయం తక్కువ" అని రాసుకున్నాను.

ఇక రోజో. కాగితపు పటంలో రోజోకు గుర్తు 'ఆర్' అన్న ఒక్క అక్షరం. పైలట్ కంప్యూటర్‌లో ఆ అక్షరాన్నే కొట్టాడు. కంప్యూటర్ చూపిన జాబితాలో మొదట ఉన్నది రోజో కాదు, బొగోటా దగ్గరి రోమియో అనే మరో కేంద్రం. దాని గుర్తు కూడా ఆర్, రేడియో పౌనఃపున్యం కూడా ఒకటే. రోజో కావాలంటే పేరు మొత్తం అక్షరం అక్షరం కొట్టాలని ఆ కంప్యూటర్‌లోని సమాచారం తయారుచేసినవారు ఏర్పాటు చేశారు, ఆ సంగతి పటం మీద లేదు. సాధారణంగా జాబితాలో మొదట వచ్చేది దగ్గరలోని కేంద్రమే కనుక మొదటిదానినే ఎంచుకోవడం అలవాటు. ఆ ఎంపికను రెండో పైలట్ సరిచూడకుండానే అమలు చేశారు. విమానం చీకట్లో నెమ్మదిగా ఎడమకు, తూర్పుకు తిరిగింది.

ఇక్కడ నల్ల దారం తీయాలి. కాలి నుంచి రోమియో 132 నాటికల్ మైళ్ళు, మన కొలతలో 66 సెంటీమీటర్లు. మా మేనల్లుడు స్కేలు పెట్టి దారం కొలిచి, తూర్పు ఈశాన్యంగా లాగుకుంటూ పోయాడు. దారం గ్రాఫ్ కాగితం దాటింది, థర్మాకోల్ పలక దాటింది, బల్ల అంచు దాకా వెళ్ళింది. సూది గుచ్చడానికి చోటు లేక చివరకు కొసను నీళ్ళ చెంబు కింద పెట్టాడు. పక్కనే ఉన్న రోజోకు తెల్ల దారం చిటికెన వేలంత కూడా లేదు. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఒక్క అక్షరానికి ఇంత దారమా, నాయనా" అన్నారు.

దీనిని తెలివితక్కువతనం అని కొట్టిపారేయడానికి సిద్ధపడేవారికి నేను ఇక్కడి బ్లాకుల సంగతి గుర్తుచేస్తాను. జయనగర్‌లో నాలుగో బ్లాకు ఉంది, కోరమంగళలో ఉంది, రాజాజీనగర్‌లో కూడా ఉంది. ఊరి నుంచి వచ్చిన మా పిన్ని ఫోన్‌లో నాలుగో బ్లాకు అని కొట్టి, మొదట వచ్చినదానిని నొక్కి, కోరమంగళ బదులు జయనగర్ కూరగాయల మార్కెట్ ముందు దిగి నాకు ఫోన్ చేసింది. ఆమెకు అడిగే మనుషులు ఉన్నారు, నిలబడే నేల ఉంది. ఆ రెండూ లేని చోట, నిమిషానికి నాలుగైదు మైళ్ళు పోతూ అదే పొరపాటు చేస్తే ఎలా ఉంటుందో ఊహించడమే మూడో గడిని నింపడం.

ఎర్ర పెన్సిల్ ఎక్కడ పెట్టాలి

మూడు గడులూ నిండాక, ఇంకా తప్పించుకోవడానికి వీలున్న ఆఖరి నిమిషాలను ఎర్ర పెన్సిల్‌తో గుర్తించాలి. అందుకు మేము వాడే గుర్తు చాలా సులువు: కాక్‌పిట్‌లో ఎవరైనా "మనం ఎక్కడున్నాం" అని అడిగిన చోటు వెతకాలి. కాలి రికార్డింగ్‌లో కో-పైలట్ ఆ ప్రశ్నను అడిగింది కొండను తాకడానికి దాదాపు మూడు నిమిషాల ముందు. తూర్పుకు సుమారు ఒక నిమిషం పోయాక పొరపాటు గ్రహించి కుడికి తిప్పారు. తులువాను వెతికారు, అది వెనకబడిపోయింది. ఈ మూడు నిమిషాల్లోనూ విమానం దిగుతూనే ఉంది. ఎక్కడున్నామో తెలియనప్పుడు దిగడం ఆపి పైకి పోవాలన్నది పైలట్లకు మొదటి పాఠాల్లోనే చెబుతారు కదా అని చదివేవారికి అనిపిస్తుంది. నిజమే, కానీ మూడో గడి చూస్తే వాళ్ళ మనసులో విమానం ఇంకా లోయలోనే ఉంది, కొంచెం పక్కకు జరిగిందంతే. కుడికి తిరిగితే లోయ మధ్యలోకి వస్తామనుకున్నారు. వాళ్ళకూ రన్‌వేకూ మధ్య అప్పటికి ఒక కొండ వచ్చి నిలిచింది.

కొండ దగ్గరైందని యంత్రం అరిచింది ఆఖరి 12, 13 సెకన్లలో. ఇంజన్లకు పూర్తి శక్తి ఇచ్చి ముక్కు పైకెత్తారు, స్పీడ్‌బ్రేక్‌లను మాత్రం మూయలేదు. 8,900 అడుగుల ఎత్తున, శిఖరానికి కొంచెం కిందగా విమానం తాకింది.

ఇప్పుడు క్లిప్పు తీసి రెండో, మూడో అధ్యాయాలు చదవాలి. కొలంబియా అధికారులు చెప్పిన కారణాలు నాలుగు: రన్‌వే 19కి దిగడాన్ని సరిగా ప్రణాళిక వేసుకుని అమలు చేయకపోవడం, ఆపేయమని సూచించే సంకేతాలు ఎన్ని ఉన్నా ఆపకపోవడం, తమ ఎత్తు, కొండల సామీప్యం, రేడియో కేంద్రాల స్థానాల మీద స్పృహ కోల్పోవడం, కంప్యూటర్ గందరగోళమైనప్పుడు దానిని పక్కనపెట్టి మామూలు రేడియో నావిగేషన్‌కు మారకపోవడం. మన ఎర్ర గుర్తులను ఈ నాలుగింటితో పోల్చి, తేడా వచ్చిన చోట వాస్తవాల అధ్యాయాన్ని మళ్ళీ చదవాలి. కారణాల జాబితాలో పైలట్లే ఉన్నారు, ఒకే అక్షరం రెండు చోట్లకు పెట్టినవారు అందులో లేరని మీకు అనిపిస్తే, ఆ అనుమానం ఇతరులకూ వచ్చింది. 2000లో మయామీలో ఒక జ్యూరీ ఈ ప్రమాదపు బాధ్యతను విమాన సంస్థకు 75 శాతం, పటాలూ సమాచారమూ తయారుచేసిన జెపెసన్‌కు 17 శాతం, కంప్యూటర్ చేసిన హనీవెల్‌కు 8 శాతం అని పంచింది. తిలా పాపం తలా పిడికెడు అన్న సామెతకు ఇంత కచ్చితమైన అంకెలు నేను మరెక్కడా చూడలేదు. అయితే కోర్టు తీర్పు వేరు, దర్యాప్తు నివేదిక వేరు. ఎవరిది ఎంత తప్పు అని తేల్చడం తన పని కాదని, మళ్ళీ జరగకుండా చూడడమే పని అని 13వ అనుబంధం స్పష్టంగా చెబుతుంది. రెండింటినీ ఒకే నోటుపుస్తకంలో కలిపి రాయకూడదు.

ఒకే ప్రమాదానికి రెండు నివేదికలు ఉన్నప్పుడు

కాలి పూర్తయ్యాక రెండో ఆదివారానికి ఎయిర్ న్యూజిలాండ్ 901ను తీసుకోవచ్చు. 1979 నవంబరు 28న అంటార్కిటికా చూపించడానికి పర్యాటకులతో వెళ్ళిన ఆ డీసీ-10 ఎరెబస్ పర్వతాన్ని ఢీకొని 257 మందీ చనిపోయారు. ప్రమాదాల ప్రధాన ఇన్‌స్పెక్టర్ నివేదిక, విమానం ఎక్కడుందో నిశ్చయం లేకుండా తక్కువ ఎత్తుకు దిగారని పైలట్ల వైపు వేలు చూపింది. 1981లో జస్టిస్ పీటర్ మహాన్ నడిపిన విచారణ సంఘం, అంటే రాయల్ కమిషన్, వేరే మాట చెప్పింది. ప్రయాణానికి ముందు రాత్రి సంస్థ కంప్యూటర్‌లో గమ్యస్థానం రేఖాంశాన్ని 164 డిగ్రీల 48 నిమిషాల నుంచి 166 డిగ్రీల 58 నిమిషాలకు మార్చారని, ఆ మార్పును పైలట్లకు చెప్పలేదని అది బయటపెట్టింది.

ఇక్కడ గ్రాఫ్ వేసేటప్పుడు జాగ్రత్త. తేడా 2 డిగ్రీల 10 నిమిషాలు, అంటే 130 నిమిషాలు కనుక 130 మైళ్ళు అని వేస్తే తప్పవుతుంది. ధ్రువాల దగ్గర రేఖాంశాలు దగ్గరకు వచ్చేస్తాయి. 78 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర 130ని ఆ కోణపు కొసైన్‌తో, అంటే దాదాపు 0.21తో గుణిస్తే సుమారు 27 నాటికల్ మైళ్ళు వస్తుంది. ఆ 27 మైళ్ళే దారిని సముద్రం మీది నుంచి పర్వతం మీదికి జరిపింది. తెల్లని మంచూ తెల్లని ఆకాశమూ కలిసిపోయి ఎదుట కొండ ఉన్నట్టే కనిపించలేదు. రెండు నివేదికలకూ విడివిడిగా, మూడేసి గడులతో ఒక్కొక్క పేజీ వేసి పక్కపక్కన పెడితే, మొదటి రెండు గడులు ఇంచుమించు ఒకటే, మూడో గడి పూర్తిగా వేరు. నా మట్టుకు నేను మహాన్ వైపే మొగ్గుతాను, మాస్టారు మాత్రం ఆ ఎత్తుకు దిగకుండా ఉండవలసిందని ఇప్పటికీ వాదిస్తారు. 40వ సంస్మరణ దినమైన 2019 నవంబరు 28న న్యూజిలాండ్ ప్రధానమంత్రి జసిండా ఆర్డెర్న్ ఆ కుటుంబాలకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు.

పిల్లలతో చదివితే బ్రెజిల్‌కు చెందిన వరిగ్ 254 ఇంకా సులభం. 1989 సెప్టెంబరు 3న మరాబా నుంచి ఉత్తరాన ఉన్న బెలేమ్‌కు, గంటలోపు ప్రయాణానికి బయలుదేరిన ఆ విమానానికి ఇచ్చిన కాగితంలో దిశ 0270 అని ఉంది. చివరి సున్నా దశాంశ స్థానం, దాని ముందు ఉండవలసిన చుక్క లేదు. కావలసింది 27 డిగ్రీలు, కెప్టెన్ పెట్టింది 270, అంటే సూటిగా పడమర. కో-పైలట్ తన కాగితం చూడకుండా కెప్టెన్ పెట్టినదానిని చూసి పెట్టుకున్నాడు. మూడు గంటలకు పైగా తిరిగి, ఇంధనం అయిపోయి అడవిలో దింపారు. 54 మందిలో ఎక్కువమంది బతికారు. ఈ అంకెను ఏమీ చెప్పకుండా కాగితం మీద రాసి ఇంట్లోవారికి ఇచ్చి, కోణమానినితో ఆ దిశ గీయమని అడిగి చూడండి. మా ఇంట్లో ముగ్గురిలో ఇద్దరు 270 గీశారు.

పొరపాటు పేరు తేల్చుకోవడం

చేతితో తిప్పిన ప్రతి తప్పు అంకెనూ నావిగేషన్ పొరపాటు అనకూడదు. బెంగళూరులోనే 1990 ఫిబ్రవరి 14న ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 హెచ్ఏఎల్ రన్‌వేకు ముందున్న గోల్ఫ్ మైదానంలో పడిపోయింది. బొంబాయి నుంచి వచ్చిన ఆ కొత్త ఎయిర్‌బస్ ఏ320లో 146 మంది ఉండగా 92 మంది చనిపోయారు. జస్టిస్ శివశంకర్ భట్ విచారణలో తేలినదాని ప్రకారం, ఇంజన్లు నిదానంలో ఉండిపోయే దిగుడు పద్ధతిలోకి విమానం వెళ్ళింది, వేగం పడిపోతున్న సంగతి సమయానికి గమనించలేదు. దిగే వేగం మీట బదులు ఎత్తు మీట తిప్పి ఉండవచ్చన్న మాట కూడా అందులో వచ్చింది. ఇక్కడ రన్‌వే ఎదురుగానే ఉంది, దారి సరైనదే. అలాంటి నివేదికకు గ్రాఫ్ మీద నిలువుగా ఎత్తు, అడ్డంగా కాలం వేయాలి, దారం పనికిరాదు. మా వీధిలో ఆ రోజు పొగ చూసినవారు ఇంకా ఉన్నారు కనుక ఈ నివేదికను మేము బల్ల మీద పెట్టినప్పుడు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

దానికి సంబంధించిన మరో మాట. కాక్‌పిట్ సంభాషణల ఆఖరి పంక్తులను పైకి చదవవద్దు, నాటకీయంగా వాట్సాప్‌లో పంపవద్దు. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టుగా అవి ఇప్పటికే కావలసినంత తిరుగుతున్నాయి. మనకు కావలసింది ఆ పంక్తుల్లోని సమయాలు, వాటిని మాత్రమే నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటే చాలు.

చివరగా నాలుగో అధ్యాయంలోని సిఫార్సులను, ఆ తర్వాత నిజంగా ఏం మారిందో చూడాలి. కాలి విమానంలోని హెచ్చరిక యంత్రం కిందికి మాత్రమే చూసేది, నేల దగ్గరైనప్పుడే అరిచేది. అప్పటికే ఇంజనీరు డాన్ బేట్‌మన్ బృందం, విమానం ఉన్న చోటును భూమి ఎత్తుల పటంతో పోల్చి ముందున్న కొండను పసిగట్టే యంత్రం మీద పనిచేస్తోంది. 2000లో అమెరికా విమానయాన శాఖ అలాంటి యంత్రాన్ని ప్రయాణికుల విమానాలకు తప్పనిసరి చేస్తూ నిబంధన తెచ్చింది. అది సుమారు ఒక నిమిషం ముందు హెచ్చరించగలదు. ఈ తేడాను గ్రాఫ్ మీదే కొలవవచ్చు. కూలిన చోటు సూది నుంచి, విమానం వచ్చిన దారి వెంట వెనక్కి, 12 సెకన్లకు ఒక మైలు లెక్కన అర సెంటీమీటరు దగ్గర ఒక సూది, 60 సెకన్లకు ఐదు మైళ్ళ లెక్కన రెండున్నర సెంటీమీటర్ల దగ్గర మరో సూది గుచ్చాలి. మొదటి సూది కొండ సూదికి ఆనుకున్నట్టే ఉంటుంది. రెండో దానికీ కొండకూ మధ్య మా మేనల్లుడు తన బొటనవేలు పెట్టి చూశాడు, సరిగ్గా పట్టింది.